పడమటి గోడలో ఊక

ఇంటి బయటి గోడ లోపల వేడిని ఆపే సరుకు ఉందో లేదో, గోడ పగలగొట్టకుండా ఎలా తెలుసుకోవాలని ఈ మధ్య ఒకమ్మాయి నన్ను అడిగింది. గుంటూరు బ్రాడీపేటలో మా పక్క వీధి పిల్లే, కొత్తగా ఇంజనీరు ఉద్యోగంలో చేరింది. గోడకు గురిపెడితే వేడిని రంగుల్లో చూపించే పరికరం ఒకటి వాళ్ళ ఆఫీసులో ఉందట, కానీ అది ఎప్పుడూ పెద్దసారు బీరువాలోనే ఉంటుందట. నాకు నవ్వొచ్చింది. మా రోజుల్లో పరికరాలు లేవు, బీరువాలు మాత్రం ఉండేవి.

ఆ అమ్మాయికి కాఫీ ఇచ్చి గంటసేపు చెప్పాను. చెప్పినవన్నీ నిజాలే. చెప్పకుండా దాటేసిన సంగతి ఒకటుంది. ఆమె వెళ్ళాక అది నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వలేదు. ముఖం చూస్తూ చెప్పలేనిది కాగితం మీద పెట్టొచ్చు కదా అని కూర్చున్నాను. ప్రమోషన్లు, బదిలీలు, ఏ సంతకం ఎక్కడ పడాలి లాంటివి ఇందులో ఉండవు. అవి మీకు ఎలాగూ వచ్చేస్తాయి, ఎవరూ నేర్పక్కర్లేదు.

గోడ మధ్య సందు

ఎనభైల మధ్యలో నేను నరసరావుపేటలో అసిస్టెంటు ఇంజనీర్ని. పల్నాటి వైపు ఎండలు తెలిసినవాళ్ళకు నేను వర్ణించక్కర్లేదు. మిరప కళ్ళాలు ఎత్తేశాక పొలాల్లో పగటిపూట మనిషి కనపడడు. టీచర్లుగా, కాంపౌండర్లుగా ఆ ఊళ్ళకు వేసినవాళ్ళు ఎండాకాలం రాకముందే బదిలీ కోసం ఎమ్మెల్యేల చుట్టూ తిరిగేవాళ్ళు. వాళ్ళను నిలబెట్టాలంటే కాస్త చల్లగా ఉండే క్వార్టర్లు కట్టాలని మా శాఖలో ఎవరికో బుద్ధి పుట్టింది. మంచి బుద్ధే. చెడగొట్టింది మేము.

ఆ ఇళ్ళకు గోడ ఒక్క పొర కాదు, రెండు. బయట ఒక ఇటుక పొర, లోపల ఒక ఇటుక పొర, మధ్యలో నాలుగు వేళ్ళ సందు. సున్నపు నీళ్ళలో తడిపి ఆరబెట్టిన వరి ఊకను ఆ సందులో కూరాలి. సున్నం చెదల కోసం. ఊక నిండుగా ఉంటే పడమటి ఎండ బయటి ఇటుక దగ్గరే నిలిచిపోతుంది. లేకపోతే మధ్యాహ్నం పీల్చిన వేడంతా నిదానంగా లోపలికి దిగి, దీపాలు పెట్టే వేళకు గదిలోకి సెగ కొడుతుంది. ఖాళీ సందు కూడా వేడిని ఆపుతుందని పుస్తకాల్లో ఉంటుంది. మా ఎండలు ఆ పుస్తకాలు చదవలేదు.

చిక్కెక్కడంటే మాది మెట్ట. దగ్గర్లో సరిపడా ఊక ఇచ్చే వరి మిల్లులు లేవు. ఊక తెనాలి వైపు నుంచి లారీల్లో రావాలి. బరువుండదు గానీ చోటు బోలెడు తింటుంది, లారీ నిండా తెస్తే రెండు ఇళ్ళకు సరిపోతుంది. రావలసినన్ని లారీలు ఏనాడూ రాలేదు. ఒకసారి పైవరస మూసేశాక లోపల ఏముందో మేస్త్రికి తప్ప ఎవరికీ తెలియదు. తెలుసుకోవడానికి ఇంకొకణ్ణి జీతమిచ్చి పెట్టారు. ఆ ఇంకొకణ్ణి నేను.

దబ్బనం

మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, ఈ.ఈ. గారు, గుంటూరులో ఉండేవారు. పొట్టి మనిషి, ముక్కుమీద కోపం. జేబులో పెన్ను పక్కన ఒక దబ్బనం ఉండేది. మిర్చి యార్డులో టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, కుడతారే, ఆ దబ్బనమే. దాని మొనను కాల్చి కొంచెం వంచి పెట్టుకున్నారు. ఇంట్లో లైటు బోర్డు ఊడదీసి, బోర్డు బిగించిన కొయ్య గట్టీని పీకి, ఆ కన్నంలోంచి దబ్బనం లోపలికి పోనిచ్చి మెలితిప్పి లాగేవారు. మొన వంపులో ఊక చిక్కుకుని వస్తే సరి. ఒట్టి చేతులతో వస్తే కాంట్రాక్టరుకు ఆ పూట భోజనం సయించదు.

నేను చేరిన కొత్తలో ఒక గోడను వేళ్ళతో తట్టి, మోత గట్టిగానే ఉందని చెప్పాను. ఆయన నా వేళ్ళ వంక చూసి, మూల దగ్గర కాకుండా ఎక్కడ తట్టావో చూపించమన్నారు. నేను తట్టింది మూలే. మూలల్లో సందు వదలరు, నిండు ఇటుకే కడతారు. అది ఏ గోడకైనా గట్టిగానే మోగుతుంది. నలుగురు కూలీల ముందు నన్ను దులిపేశారు. తిట్లు తిని నేర్చుకున్న పాఠం జన్మలో మర్చిపోమంటారు. అది అబద్ధం. ఎలా అబద్ధమో కాసేపట్లో చెబుతాను.

ఆయన నేర్పింది మరొకటి ఉంది. పడమటి గోడను పొద్దున పూట చూడటం దండగ. బయట ఎండ తగ్గి, లోపల దీపం పెట్టాక, గది లోపలి వైపు అరచెయ్యి ఆనించి నూరు లెక్కపెట్టాలి. చెయ్యి తీయబుద్ధి అయితే గోడ ఖాళీ. దీనికి మించిన పరీక్ష నాకు ఈ రోజుకీ తెలియదు. ఆ అమ్మాయి ఆఫీసు బీరువాలో ఉన్న పరికరం కూడా చేసేది ఇదే, కాకపోతే దానికి చెయ్యి కాలదు.

ఊక ఉన్నంత మాత్రాన సరిపోదని ఒంగోలులో ముందుగా కట్టిన ఇలాంటి ఇల్లొకటి నేర్పింది. దబ్బనానికి ఊక వచ్చింది, నేను సంతోషంగా బాగుందని రాశాను. రెండు వానలకు పిట్టగోడ పగుళ్ళలోంచి నీళ్ళు దిగి, ఊకంతా కుళ్ళి అడుగున ముద్దగా పేరుకుంది. నడుం పైనంతా ఖాళీ. ఇంట్లో ఒకటే కంపు. ఆ ఇంటావిడ నన్ను గుమ్మంలో నిలబెట్టి పెట్టిన చీవాట్లు ఇక్కడ రాయదగ్గవి కావు, అన్నీ న్యాయమైనవే. అప్పటినుంచి ఏ గోడకైనా మూడు ఎత్తుల్లో గుచ్చి చూడటం అలవాటు చేసుకున్నాను. ఇలాంటి తప్పులు చేస్తే చెయ్యండి. ముక్కు మూసుకుని దిద్దుకోవచ్చు. దిద్దుకోలేనిది ఇక చెబుతాను.

పంతులు గారి కార్డు

వినుకొండ దారిలో ఒక ఊరు. పేరు వద్దు. హైస్కూలు టీచర్ల కోసం అక్కడ పన్నెండు ఇళ్ళు కట్టాం. సంక్రాంతి దాటాక అప్పగించాం. అయిదో నంబరు ఇంట్లో రామశేషయ్య గారని తెలుగు పండితుడు దిగారు. నిష్ఠ గల మనిషి, గట్టిగా మాట్లాడగా ఎవరూ వినలేదు. భార్య కామేశ్వరమ్మ గారు. కూతురు సుందరి, తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది.

మే నెలలో ఆయన దగ్గర్నుంచి నరసరావుపేట ఆఫీసుకు పోస్టుకార్డు వచ్చింది. పడమటి గది గోడ సాయంత్రం నుంచి పొయ్యిలా ఉంటోందనీ, ఇంట్లో బాలింత, పసిబిడ్డ ఉన్నారనీ, వీలైనంత త్వరలో వచ్చి చూసిపొమ్మనీ రాశారు. ముత్యాల్లాంటి అక్షరాలు. కార్డు సంగతి ఆ రోజే ఈ.ఈ. గారి దాకా వెళ్ళింది. ఆయన నాకు ఫోన్ చేసి, ‘వెళ్ళి చూసి రాయి’ అని పెట్టేశారు.

మర్నాడు పొద్దుటి బస్సుకు వెళ్ళాను. తొమ్మిదింటికి దిగాను. తిరుగు బస్సు పదకొండింటికి, అది తప్పితే మళ్ళీ సాయంత్రం ఆరుకే. పడమటి గోడను సాయంత్రమే చూడాలని నాకు తెలుసు. ఆ ఎండలో, ఆ ఊళ్ళో, ఆరింటి దాకా ఎక్కడ కూర్చోవాలి అనుకున్నాను. అప్పుడు నా మనసులో ఉన్నది ఇంతే, గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు.

గడప ఇవతల

ముందు గది గోడకు మూడు ఎత్తుల్లో గుచ్చాను. ఊక వచ్చింది. పక్క గది ఉత్తరం గోడా అంతే. పడమటి గది వైపు వెళ్ళబోతుంటే కామేశ్వరమ్మ గారు గుమ్మంలో నిలబడ్డారు.

“అమ్మాయి పురిట్లో ఉందండి. ఇవాళ్టికి అయిదో రోజు. పదకొండో రోజు పోయాక మీరు నిరభ్యంతరంగా చూసుకోవచ్చు” అన్నారు.

మా ఇంట్లోనూ ఇంతే. మా ఆవిడ పురుడప్పుడు సొంత మొగుణ్ణి నేనే పదకొండు రోజులు ఆ గడప దాటలేదు. పరాయి మగవాణ్ణి, సుత్తీ ఉలీ పట్టుకుని బాలింత ఉన్న గదిలోకి ఎలా వెళ్ళను? వెళ్ళకపోవడం తప్పని ఇప్పటికీ అనను. తప్పు తర్వాత చేసిన పనిలో ఉంది. ఆవిడ అలా అనగానే నాకు హమ్మయ్య అనిపించింది చూడండి, అక్కడ మొదలైంది.

తలుపు ఓరగా ఉంది. కిటికీలకు గాలి జొరబడకుండా గోనెపట్టాలు కట్టారు. లోపల్నుంచి సాంబ్రాణి వాసన, కుంపటి సెగ. ఆ కాలంలో పురిటి గది అంటే మే నెలైనా అంతే. కామేశ్వరమ్మ గారు, చీకటి పడ్డాక కూడా గోడ సెగ తగ్గడం లేదనీ, బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోందనీ చెప్పారు. నేను ఏమాత్రం తడబడకుండా, కొత్త గోడ కదండీ, లోపల పచ్చి ఆరుతున్నప్పుడు కొన్నాళ్ళు అలాగే వేడి పుడుతుంది అన్నాను. ఇంజనీరింగు పుస్తకాల్లో ఎక్కడా లేని మాట. నోటికి వచ్చింది, వచ్చేసింది. ఆవిడ నమ్మారు. మెడలో టేపు వేసుకున్నవాడు చెబితే ఎందుకు నమ్మరు?

బయటి నుంచైనా చూద్దామని ఇంటి వెనక్కు వెళ్ళాను. పడమటి గోడకు ఆనించి వంటచెరకు కోసం పత్తికట్టె వాము వేశారు, నడుమెత్తు. దాన్ని ఎక్కాలంటే తేళ్ళ భయం. చెయ్యి అందేది మూల ఒక్కటే. ఆ మూలనే తట్టాను. గట్టిగా మోగింది. అరచెయ్యి ఆనించాను. ఇంకా పది కాలేదు, ఇంటి నీడ ఆ వైపే ఉంది, గోడ చల్లగా ఉంది. ఇవి రెండూ పనికిరాని పరీక్షలని అంతకుముందు తిట్లు తిని మరీ నేర్చుకున్నవాణ్ణి. అయినా పంతులు గారి దగ్గరికి వచ్చి, అన్నీ చూశానండీ, గోడ బాగానే ఉంది, పదిహేను రోజుల్లో సర్దుకుంటుంది అని చెప్పాను. ఆయన మజ్జిగ ఇచ్చారు. తాగి, పదకొండింటి బస్సు పట్టుకున్నాను.

ఆఫీసుకు వచ్చి, ‘గోడలన్నీ పరిశీలించడమైనది, సంతృప్తికరంగా ఉన్నవి’ అని రాసి సంతకం చేశాను. అక్షరాలు గుండ్రంగా పడ్డాయి.

రెండో కార్డు

వారం తిరిగేసరికి రెండో కార్డు వచ్చింది. నా పేరు మీదే. మొదటి కార్డు అంత పొడుగు లేదు. మీరు చూసి వెళ్ళిన నాలుగో రోజు సాయంత్రం మా మనవరాలు పోయింది, పడమటి గోడ నా ఎదుట విప్పించి చూపవలసిందిగా కోరుతున్నాను అని ఉంది. కింద సంతకం. ఒక్క మాట పరుషంగా లేదు.

కార్డు జేబులో పెట్టుకుని గుంటూరు వెళ్ళి ఈ.ఈ. గారి ముందు పెట్టాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. మూల తట్టానన్నది కూడా చెప్పాను. ఆయన తిడతారని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది. దబ్బనం తీసి బల్లమీద పెట్టారు.

“గోడ వల్లే పోయిందని ఎవడైనా చెప్పగలడటోయ్? కిటికీలు బిగించారు, కుంపటి పెట్టారు, మే నెల. ఊరికే ఎందుకు విప్పడం? రిపేరని పేరుపెట్టి పైవరస తీసి ఊక పోయించు. పని అయిపోతుంది” అన్నారు.

నాకు అన్నీ నేర్పిన మనిషి ఆయనే. ఆ మాటా ఆయనదే. రెండూ నిజం. పెద్దవాళ్ళ దగ్గర పని నేర్చుకోండి గానీ, మనిషిని మొత్తంగా నెత్తిన పెట్టుకోకండి. ఆయన ఆ మాట అన్నప్పుడు నాకు అసహ్యం వెయ్యలేదు. ఊరట కలిగింది. ఆ ఊరటను తలుచుకుంటే ఇప్పుడు అసహ్యం వేస్తుంది.

విప్పిన గోడ

పురుడూ మైలా అన్నీ ముగిశాక కోటయ్య మేస్త్రిని తీసుకుని ఆ ఊరు వెళ్ళాను. ఆ ఇళ్ళు కట్టింది కోటయ్యే. మాతోపాటు ఊక బస్తాలు కూడా తీసుకెళ్ళాం, రిపేరుకు వచ్చినవాళ్ళలాగే. పంతులు గారు బస్తాలు చూశారు. పైనుంచి పొయ్యడానికి ఒప్పుకోనన్నారు. ముందు విప్పండి, ఏముందో నేను చూడాలి అన్నారు. గొంతు పెంచలేదు. విప్పమని కోటయ్యకు చెప్పాను.

ఇప్పుడు ఆ గదిలోకి వెళ్ళడానికి నాకు ఏ అడ్డూ లేదు. కిటికీల గోనెపట్టాలు తీసేశారు. గది నాలుగు మూలలూ కడిగి ఉంది. చీర ఉయ్యాల కట్టడానికి బిగించిన కొక్కెం మాత్రం అలాగే ఉంది, గోడకు జానెడు దూరంలో. కోటయ్య ఛాతీ ఎత్తులో రెండు ఇటుకలు ఊడదీశాడు. నేను చెయ్యి లోపలికి పెట్టాను. మోచేతి దాకా పోయింది. కిందికి, పైకి, పక్కలకు తడిమాను. ఇటుక పొడి తప్ప ఏమీ లేదు. పంతులు గారు కూడా చెయ్యి పెట్టి చూసుకున్నారు. చెయ్యి బయటికి తీసి, పంచె అంచుకు తుడుచుకుని, కుర్చీలో కూర్చున్నారు.

నేను కోటయ్య మీద విరుచుకుపడ్డాను. నా తప్పు అంత ఉందిగా, కోపం ఎక్కడికో పోవాలి. ఊక లేదని నాకెందుకు చెప్పలేదని అరిచాను. కోటయ్య తాపీ కింద పెట్టాడు. ఈ గది దగ్గరికి వచ్చేసరికి ఊక అయిపోయిందనీ, లారీ వస్తుందని నాలుగు రోజులు చూశారనీ, ఇంజనీర్లు ముందు గదే చూస్తారు మూసెయ్యమని కాంట్రాక్టరు చెబితే మూసేశాననీ అన్నాడు. మరో మూడిళ్ళలో కూడా పడమటి గది ఇంతేనని అదే గొంతుతో చెప్పాడు. తర్వాత నా మొహంలోకి చూసి ఒక మాట అన్నాడు.

“మీరు అడగలేదు గదండీ. అడిగుంటే చెప్పేవోణ్ణే. మీరొచ్చినప్పుడల్లా గోడనే కొడతారు గానీ, కట్టినోణ్ణి ఎప్పుడన్నా అడిగారా?”

అడగలేదు. అన్నేళ్ళ సర్వీసులో ఏ మేస్త్రినీ ఏ గోడలో ఏముందని అడగలేదు. అడిగితే పరువు తక్కువ అనుకునేవాణ్ణి కాబోలు. దబ్బనం చేతిలో ఉండగా వాడినేం అడుగుతాం అనుకునేవాణ్ణి. పురిటి గదిలోకి నేను వెళ్ళలేకపోయినా, ఆ రోజు నరసరావుపేటలోనే ఉన్న కోటయ్యను పిలిచి ఒక్క మాట అడిగితే తేలిపోయేది. కామేశ్వరమ్మ గారి చేతికి దబ్బనం ఇచ్చి, ఇలా గుచ్చి ఇలా లాగండమ్మా అంటే ఆవిడ చేసేవారు. సాయంత్రం దాకా ఉండి, గోడకు చెయ్యి ఆనించి నూరు లెక్కపెట్టమని మంత్రసానికి చెప్పినా సరిపోయేది. ఒక్క గడప దాటకుండానే ఇన్ని దారులు ఉన్నాయి. అప్పుడు ఒక్కటీ తట్టలేదు. తట్టలేదా, తట్టనివ్వలేదా అంటే, రెండోదే అనుకుంటాను.

నాకు నేను చెప్పుకున్నవి

ఆ బిడ్డ గోడ వల్లే పోయిందా? తెలియదు. ఆ ఊరి ఆసుపత్రి డాక్టరును అడిగాను. తీసుకొచ్చేసరికే ఒళ్ళు కాలిపోతోందనీ, నాలుక పిడచకట్టుకుపోయిందనీ, జ్వరమో వడదెబ్బో తేల్చేలోపే అయిపోయిందనీ చెప్పాడు. కుంపటి, గోనెపట్టాలు, బిడ్డకు చుట్టిన మూడు పొరల పాతగుడ్డలు, వీటన్నిటికీ వాటా ఉంది. ఈ వాటాలు వేసుకుంటూ చాలా ఏళ్ళు గడిపాను. ఎన్నిసార్లు వేసినా నా వాటా నాకే మిగిలేది.

కాంట్రాక్టరుకు ఏమీ కాలేదు. మరుసటేడు ఇంకో పని దొరికింది. నాకూ ఏమీ కాలేదు. పన్నెండిళ్ళలోనూ పడమటి గోడలు విప్పించి, ఖాళీగా ఉన్నవాటిలో ఊక నింపించాను, ఈ.ఈ. గారు అడ్డు చెప్పలేదు, అలాగని కాగితం మీద కారణమూ రాయనివ్వలేదు. ‘చిన్న మరమ్మతులు’ అని రాశాం. నా పాత రిపోర్టు ఫైల్లో అలాగే ఉండిపోయింది, గుండ్రటి అక్షరాలతో. ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలు ఇది గుర్తుపెట్టుకోవాలి. తప్పు చేస్తే ఎవరో ఒకరు పట్టుకుంటారని భయపడకండి. ఎవరూ పట్టుకోరు. భయపడాల్సింది అందుకే.

సుందరి

గోడ విప్పిన రోజు సంగతి ఇంకా కొంచెం ఉంది. ఆ ఇంజనీరు అమ్మాయికి కాఫీ ఇచ్చిన రోజు చెప్పలేకపోయింది ఇదే.

కోటయ్య ఊక కూరుతున్నాడు. పంతులు గారు వీధి అరుగు మీదికి వెళ్ళి కూర్చున్నారు. నేను ఆ గదిలో నిలబడలేక నడవలోకి వచ్చాను. అక్కడ గోడవారగా సుందరి కూర్చుని ఉంది. ఇరవై నిండి ఉంటాయేమో. నన్ను చూసి లేవబోయింది, వద్దమ్మా అన్నాను. ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి, ఇక ఈ గోడ వేడెక్కదమ్మా అన్నాను. ఆ సమయంలో నోటికి అంతకంటే మంచి మాట రాలేదు. ఛీ.

ఆ పిల్ల నా వంక కాకుండా గది వంక చూస్తూ మాట్లాడింది. ఏడవలేదు.

“మీరు వచ్చిన రోజు సాయంత్రం నేను పక్క గదిలోకి మారతానని నాన్నతో అన్నానండి. ఈ గోడ దగ్గర పాప నిలవడం లేదు, తీసుకెళ్ళిపోతాను అన్నాను. నాన్న కూడా సరే అనబోయారు. అంతలో అమ్మ, ఇంజనీరు గారు వెనక నుంచి గోడ చూసి బాగుందన్నారు కదా, పురుడు మధ్యలో గది మారడం ఎందుకు, ఇంకో ఆరు రోజులే కదా అంది. అయితే ఉండమ్మా అన్నారు నాన్న. ఉండిపోయాను.”

పక్క గదికి ఉత్తరం గోడ. ఆ గోడలో నిండా ఊక ఉంది. అది మాత్రం నేను స్వయంగా, మూడు ఎత్తుల్లో గుచ్చి చూసిందే.

ఆ పిల్లే మళ్ళీ అడిగింది.

“ఈ గోడ మీరు నిజంగా చూశారా అండి, ఆ రోజు?”

“చూడలేదమ్మా” అన్నాను.

తల ఊపింది. కోపంగా కాదు, లెక్క సరిపోయిందన్నట్టు కాదు, ఊరికే ఊపింది. చెంగు సర్దుకుని లేచి నిలబడింది.

“ఆ ఒక్క మాట అప్పుడు అనుంటే నేను మారిపోయేదాన్ని” అంది. లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.